రాజ్యమంతా కూర్చున్న రోజు

ఇస్త్రీ పెదనాన్న నోరు విప్పాడంటే చేతిలో పెట్టె చల్లారిపోవాల్సిందే. ఆయన చెయ్యని ఘనకార్యం లేదు, చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు. తమ్ముడి కూతురు ఆ చొక్కాల కార్ఖానాలోనే గుండీలు కుట్టే పనిలో చేరి "పెదనాన్నా" అని పిలవడం మొదలెట్టాక, కటింగ్ మాస్టర్ నుంచి దారాలు కత్తిరించే అత్త దాకా అందరికీ ఆయన పెదనాన్నే అయిపోయాడు.

ఆ రోజు టీ వేళకి అందరూ ఇస్త్రీ బల్ల చుట్టూ చేరారు. నిలబడే తాగుతున్నారు. గోడవారనుండే పొడుగాటి బెంచీని పోయిన వారమే ఓనరు తన గదిలోకి మోయించుకుపోయాడు మరి. "కూర్చుంటే కునుకొస్తుంది, కునుకొస్తే కుట్టు వంకరపోతుంది. నేల మీద కూర్చుని కనబడ్డా సరే, మర్నాడు పనిలోకి రానక్కర్లేదు" అన్నాడు. ఇప్పుడా బెంచీ మీద ఆయనగారి పూలకుండీలు దర్జాగా కూర్చున్నాయి.

గుండీలమ్మాయికి ఏడో నెల. పొద్దున్నుంచీ నిలబడి నిలబడి పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. ఇలాగే సాగితే పని మానెయ్యాలి, మానేస్తే ఇల్లు గడవదు. అందుకే, "నువ్వు పాతవాడివి, నీ మాటైతే వింటాడు, బెంచీ అడిగిపెట్టు పెదనాన్నా" అని బతిమాలింది. "ఓస్, ఇంతేనా!" అంటూ ఆయన ఓనరు గది తలుపు దాకా వెళ్ళాడు. తలుపుకి రంగు బాగా వేశారని మెచ్చుకుని వెనక్కొచ్చేశాడు. ఈ సంగతి ఆయనకీ ఆ తలుపుకీ తప్ప ఎవరికీ తెలీదు.

"అడిగావా పెదనాన్నా?" అంది అమ్మాయి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చుకుంటూ.

పెదనాన్నకి టీ పొలమారింది. "అడగడమేంటే పిచ్చిపిల్లా! ఈ ఓనరెంత, వీడి బెంచీ ఎంత! నేను సాక్షాత్తూ ఒక మహారాజునే సింహాసనం మీంచి దింపినవాణ్ణి. చెప్పలేదు కదూ మీకు?"

"చెప్పలేదు. రాజుగారి చొక్కా ఇస్త్రీ చేశానని మాత్రం చెప్పావు," అన్నాడు కటింగ్ మాస్టర్.

"అదిగో, అక్కడే మొదలైంది అసలు కథ! అప్పటికి నాకింకా నూనూగు మీసాలు. ఇస్త్రీ చొక్కా పట్టుకుని కోటకెళ్ళి చూద్దును కదా, అంత కోటలో ఒక్క కుర్చీ లేదు, పీట లేదు, మంచం లేదు. ఏంటయ్యా అంటే, రాజుగారి కొత్త చట్టమట. రాజ్యంలో కూర్చునే హక్కు ఆయనొక్కడికే. మిగతావాళ్ళంతా నిలబడే తినాలి, నిలబడే పడుకోవాలి. ఆఖరికి కోళ్ళు కూడా నిలబడే గుడ్లు పెట్టాలి. పైనుంచి పడి, పెట్టిన గుడ్డు పెట్టినట్టే పగిలిపోయేది పాపం."

"కోళ్ళకి చట్టం ఎవరు చదివి వినిపించారో?" అంది అత్త.

"కొత్వాలు! బుట్టబుట్టకీ తిరిగి చదివాడు. నువ్వు మధ్యలో అడ్డం పడకు. అసలు జనం ఎందుకు తిరగబడతారో తెలుసా మీకు? కడుపు మండి అంటారు చదువుకున్నవాళ్ళు. ఉత్తిది! పన్నులేశాడు, కట్టారు. కొరడాతో కొట్టించాడు, మందు రాసుకుని ఊరుకున్నారు. కాళ్ళు నొప్పెడితే మాత్రం మనిషి ఊరుకోడర్రా! ఎందుకంటే కూర్చున్నవాడికి నిలబడ్డవాడి మోకాళ్ళ నొప్పి కనబడదు. నిలబడ్డవాడికి మాత్రం కూర్చున్నవాడి నడినెత్తిన బట్టతల బ్రహ్మాండంగా కనబడుతుంది. రోజూ చూసీ చూసీ, ఓహో, వీడూ మనలాంటోడేనన్నమాట అని తెలిసిపోతుంది."

మాస్టర్ ఒక్క క్షణం గ్లాసు దించి ఆలోచనలో పడ్డాడు. తన మాట ఎవరైనా ఆలోచించడం అలవాటు లేక పెదనాన్న కంగారుపడి గొంతు పెంచాడు.

"రాజు పక్కన ఒక ముసలావిడ, విసనకర్రతో విసిరీ విసిరీ కాళ్ళు వణికిపోతున్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. చొక్కా అవతల పారేసి, రాజుకి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? భటులొచ్చి లాగారు, లేవలా. సేనాపతి వచ్చి లాగాడు, లేవలా. పట్టపుటేనుగుని తోలుకొచ్చి తొండంతో లాగించారు. ఏనుగుకి నడుం పట్టేసింది గానీ నేను లేవలా! దాంతో దానికీ జ్ఞానోదయమై నా పక్కనే చతికిలబడింది. దాన్ని చూసి ముసలావిడ, ఆవిణ్ణి చూసి మంత్రి, మంత్రిని చూసి సైన్యం, వీధుల్లో జనం, పొలాల్లో ఎడ్లు, ఆఖరికి కోట గడియారంలో ముళ్ళు కూడా ఆరు దగ్గర కూలబడ్డాయి. రాజ్యమంతా ఒక్కసారి కూర్చునేసరికి భూమి జానెడు దిగిపోయి, సముద్రం ఇటు ఒరిగిపోయిందనుకో!"

"ఆ సముద్రాన్ని నువ్వు ఇస్త్రీ చేసి చదును చేశానన్నావు కదా మొన్న?" అన్నాడు మాస్టర్.

"అలలు మాత్రమే తీశాను. లేనిపోనివి కల్పించకు! సరే, రాజుకి దాహమేసింది, నీళ్ళిచ్చేవాడు లేడు. ముక్కు మీద ఈగ వాలింది, తోలేవాడు లేడు. పుట్టి బుద్ధెరిగి సొంతంగా ఈగని తోలుకోలేదేమో, ఎలా తోలాలో తెలీక బావురుమన్నాడు. కిరీటం తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టి, బాబ్బాబూ నువ్వు లే, కావాలంటే సింహాసనం నువ్వే తీసుకో అన్నాడు. ఎక్కి చూశా. గట్టిగా ఉంది, నచ్చలా. పొమ్మని చెప్పి వచ్చేశా!"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది, నవ్వుతూనే అడిగింది. "అంతా బాగుంది పెదనాన్నా. రాజు ముందే బాసింపట్టు వేసినవాడివి, మరి ఇందాకట్నుంచీ నిలబడి చెప్తున్నావేం?"

నవ్వులు ఆగిపోయాయి. పెదనాన్న ఉబ్బిన ఆ పిల్ల పాదాల వైపు చూశాడు. నిజంగా సిగ్గేసింది ఆయనకి.

సరిగ్గా అప్పుడే ఓనరు గది తలుపు ధడాలున తెరుచుకుంది. "కబుర్లా ఇక్కడ! కింద బండి వచ్చి ఆగింది, చొక్కాలేవీ?"

ఆ గొంతు వినేసరికి పెదనాన్న పై ప్రాణాలు పైనే పోయాయి. మోకాళ్ళు రెండూ ఆయన్ని అడక్కుండానే వంగిపోయాయి. బల్ల కాలు పట్టుకుని జారుతూ నేల మీద కూలబడ్డాడు.

అమ్మాయి కళ్ళింతలు చేసుకుని చూసింది. తర్వాత బల్ల పట్టుకుని మెల్లగా ఆయన పక్కనే కూర్చుంది. అది చూసి అత్త కూర్చుంది. మాస్టర్ కత్తెర పక్కన పెట్టి కూర్చున్నాడు. గదంతా కూర్చుంది. నిలబడి ఉన్నది ఓనరొక్కడే.

"ఎవర్రా ముందు కూర్చున్నది?"

అందరి కళ్ళూ పెదనాన్న మీదకి తిరిగాయి. ఆయన నోట్లోంచి ఆ రోజు మొదటిసారిగా అచ్చమైన నిజం బయటికొచ్చింది. "నేను కూర్చోలేదండీ! మీ గొంతు వినగానే కాళ్ళు వణికి పడిపోయానంతే. మా అమ్మ తోడు!"

"నా దగ్గరా నీ కోతలు?" అని కేకలేశాడు ఓనరు. "రాజుని దింపానని ఇందాక కోసినవన్నీ నా గదిలోకి వినబడ్డాయిలే, ఇప్పుడు నా మీద పడ్డావా?"

కింద బండివాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఓనరు పళ్ళు కొరుక్కుంటూ చొక్కాల మూట తనే ఎత్తబోయాడు. "అమ్మా!" అంటూ సగంలో ఆగిపోయాడు.

"నడుం పట్టేసినట్టుంది. ఏనుగుకీ ఇలాగే అయిందట," అంది అత్త.

"ఏం కావాలర్రా మీకు?" అన్నాడు ఓనరు, వంగినవాడు వంగినట్టే ఉండి.

"మా బెంచీ అండీ," అంది అమ్మాయి. కూర్చున్న చోటు నుంచి మాత్రం లేవలేదు.

"తెచ్చుకుని చావండి!"

"తెచ్చుకోవాలంటే లేవాలి కదండీ," అన్నాడు మాస్టర్ వినయంగా.

ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, రెండో చేత్తో బెంచీని బరబరా ఈడ్చుకుంటూ ఓనరే తెచ్చాడు. పూలకుండీలు ఆయన గదిలో నేల మీద మిగిలాయి. మాస్టర్, అత్త చెరో మూటా ఎత్తుకుని కిందికి పరిగెత్తారు.

అమ్మాయి బెంచీ మీద చేరగిలబడి, కాళ్ళు చాపుకుని, హమ్మయ్య అనుకుంది. పెదనాన్న ఇంకా నేల మీదే ఉన్నాడు. మోకాళ్ళు ఇంకా ఆయన మాట వినడం లేదు.

"రా పెదనాన్నా, పైన కూర్చో," అంది పక్కన చోటు చూపిస్తూ.

"ఒట్టే తల్లీ," అన్నాడాయన దిగాలుగా. "నేను కూర్చోలేదు, భయంతో పడిపోయాను."

"చాల్లే పెదనాన్నా," అంది అమ్మాయి. "ఎప్పుడు చూసినా కోతలే నీకు!"