ఉమాదేవిని ఇంటికి పిలవడం

అందరికీ నమస్కారం. ఆఫీసు నుంచి వచ్చిన వకీళ్లకూ, మన తోటల ఊరు బటాంగ్ బెర్జుంటై నుంచి బస్సు కట్టుకొని వచ్చిన మనవాళ్లకూ దండాలు. ఉమాదేవి పోయింది. నేను ఆమె మేనమామను. ముందు వరుసలో కూర్చున్నది ఆమె తల్లి, మా అక్క నూకమ్మ. కూతురి అస్థికలు సముద్రంలో కలపడానికి అక్క ఇంకా ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పడానికే నిలబడ్డాను.

ఉమాదేవి ఏం పని చేసేది? ముప్పై ఏళ్లు కంపెనీల వకీలు. కమ్యూనిస్టు ప్రభుత్వాలు పడిపోయిన దేశాల్లో సర్కారు ఫ్యాక్టరీలు అమ్ముడవుతుంటే, కొనేవాళ్ల తరఫున వెళ్లేది. ఉక్రెయిన్, మంగోలియా, కజకస్తాన్. అడిగితే, "సచ్చిపోయిన ఫ్యాక్టరీలకి మళ్లీ పెళ్లి సేస్తన్నాను మావా" అనేది. మంచి వకీలు. కటువు మనిషి. ఆమె రాసిన ఒప్పందాల వల్ల పని దొరికినవాళ్లున్నారు, పని పోయినవాళ్లున్నారు. ఆ మాట ఆమే ఒప్పుకునేది.

వకీళ్లకు మా ఆచారం తెలియదు. ఇల్లు మారితే, చనిపోయినవాళ్లను కూడా పిలిచి వెంట తీసుకెళ్తాం. పరాయి చోట ఎవరైనా పోతే, అక్కడే నిలబడి ఇంటికి రమ్మని పిలుస్తాం. ఎస్టేట్‌లో మా కూలీల లైన్ ఇళ్లు కూలగొట్టిన రోజు అక్క గడప దగ్గర నిలబడి, "ఓ ఉమ నాయనా, ఇల్లు మారిపోతన్నాం, దా" అని చనిపోయిన భర్తను పిలిచింది. లారీలో డ్రైవర్ పక్క సీటు ఖాళీగా ఉంచింది. అప్పుడు లా చదువుతున్న ఉమాదేవి, "నాన్నకి సీటు, నాకు సామాన్ల మీదేటి?" అని నవ్వింది.

తర్వాత కజకస్తాన్‌లో ఒక బొగ్గుగని ఊరు. కొన్న కంపెనీ ఊరు ఖాళీ చేయించింది. చివరి బస్సు వచ్చింది. ముసలమ్మలు ఎక్కం అన్నారు. ఉమాదేవి ఏం చేసింది? మీవాళ్లనూ పిలుచుకోండి అంది. వాళ్లు గుమ్మాల ముందు నిలబడి వాళ్ల భాషలో పిలిచారు. అప్పుడు ఎక్కారు. సీట్లన్నీ ఖాళీ. ఒక్కరూ కూర్చోలేదు. దారంతా నిలబడే వచ్చారు. "నువ్వేటి సేసినావే?" అని అడిగాను. "నానూ నిలబడ్డాను మావా" అంది. ఈసారి నవ్వలేదు.

గత నెల అదే దేశంలో, మీటింగ్ మధ్యలో ఆమె గుండె ఆగింది. తీసుకురావడానికి ఆమె కింద పనిచేసే వకీలు తినేశ్ వెళ్లాడు. మంచివాడు. తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. పిలవమని అక్క ఫోన్లో చెప్పింది. పిలిచాడు. ఇంగ్లీషులో, మేడమ్, రండి వెళ్దాం అని. అది విని అక్క అంది: "ఆ పిలుపుకి అది ఆఫీసుకెల్తాది గానీ, ఇంటికొస్తాదేటి?"

నేను పామాయిల్ తోటలో పనిచేసినవాణ్ణి. చూసిందే చెబుతాను. తాళం వేసిన ఆమె గదిలో కుర్చీ రోజూ ఉదయానికి కిటికీ వైపు తిరిగి ఉంటోందని ఆఫీసువాళ్లు చెప్పారు. నిన్న సాయంత్రం నేనే దాన్ని బల్ల వైపు తిప్పి, నేనే తాళం వేశాను. ఈ ఉదయం నేనే తీశాను. కిటికీ వైపే ఉంది. తినేశ్ ఇప్పుడు రోజూ ఆ తలుపు తట్టాకే తెరుస్తున్నాడు.

రేపు కువాలా సెలంగోర్ సముద్రంలో అస్థికలు కలపాలి. "మనిసి రాకుండా ఎవుల్ని కలుపుతాం?" అని అక్క అడుగుతోంది. మీలో ఎవరి దగ్గరైనా జవాబుందా? ఈ సభ బ్రిక్‌ఫీల్డ్స్‌లో, ఆమె ఆఫీసు కింది హాల్లో పెట్టింది ఇక్కణ్ణుంచి ఆమెను ఇంటికి పిలవడానికే. పైన గది తలుపు తీసే ఉంచాం.

ఇక అందరూ లేచి నిలబడండి. ఫోన్లు ఆపేయండి. అక్క మన మాటలో పిలుస్తుంది. పిలిచాక ఎవరూ మాట్లాడవద్దు, వెనక్కి చూడవద్దు. మెట్ల దగ్గర ఉన్నవాళ్లు కాస్త పక్కకు జరగండి. దారి ఇవ్వండి.