రూలొఫ్ గారు కలపని చెయ్యి

నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ దగ్గర ఒక పల్లె చర్చి. ఆదివారం ఆరాధన ఇప్పుడే ముగిసింది. వెనక గదిలో పాస్టరు, సంఘ పెద్ద రూలొఫ్.

“జేబులో పెట్టుకున్నారండీ! నేను వేదిక దిగొచ్చి చెయ్యి చాపితే, మీరు మీ చెయ్యి తీసి జేబులో పెట్టుకున్నారు!”

“చలిగా ఉంది పాస్టరు గారూ.”

“రూలొఫ్ గారూ, సంఘమంతా చూసింది. ప్రసంగం అయ్యాక సంఘ పెద్ద చెయ్యి కలిపితేనే కదా, చెప్పిందంతా సత్యమని లెక్క? కలపకపోతే దుర్బోధ అన్నట్టే. సాయంత్రానికి ఊరంతా పొక్కుతుంది. ఇంక నన్నిక్కడ ఉండనిస్తారా?”

“కాఫీ చల్లారిపోతోంది, తాగండి.”

“కాఫీ తర్వాత! ఎక్కడ తప్పాను? కృప గురించా? బాప్తిస్మం ఊసే ఎత్తలేదే!”

“బోధలో తప్పు లేదు. ఇంట్లో తల వంచనివాడు సంఘానికి తల కాలేడన్నారు. బాగుంది. నేనూ తలూపాను.”

“మరి?”

“ఆ తర్వాత ఒక కథ చెప్పారు.”

“ఏ కథ? ఆ... అదా. ఎవరో ఒక సహోదరుడు, ఎక్కడో...”

“ఎవరో ఒక సహోదరుడు, భార్యకి వాళ్లమ్మ ఇచ్చిన, కాళ్లతో తొక్కి వాయించే పెద్ద హార్మోనియం విరగ్గొట్టి, ఆ చెక్కలతో కోళ్లగూడు కట్టాడు.”

“పేరు చెప్పలేదుగా!”

“పేరెందుకండీ? ఈ ఊళ్లో ఇంకెవరి కోళ్లు హార్మోనియం పెడళ్లు తొక్కుకుంటూ గూట్లోకెళ్తాయి?”

“క్షమించండి. నన్ను నమ్మి చెప్పుకున్నారు. బయటపెట్టకూడదు. నాదే తప్పు.”

“అది పోనివ్వండి. ఊరికి తెలియనిదేం కాదు. కథ చివర ఏమన్నారు?”

“చివరా... ఆ సహోదరుడు ఇంటికెళ్లి, భార్య ముందు కంటతడి పెట్టి, క్షమాపణ అడిగాడని.”

“అడిగానా?”

“అడగలేదా?”

“అడగాలనుంది అన్నాను మీతో. అడగాలనుంది!”

“అయ్యో. ముగింపు బాగుంటుంది కదా అని...”

“మీకు బాగానే ఉంది. మా ఆవిడ ఫ్రౌకె, ముందు బెంచీలో పిప్పరమెంటు చప్పరిస్తూ నన్నే చూస్తోంది. చెయ్యి కలిపితే ఆ మాట నిజమని నేను సాక్ష్యం చెప్పినట్టే కదా! దేవుడి ఇంట్లో, పెళ్లాం ఎదురుగా, ఎలా కలపమంటారు?”

“మరి అడగడానికి అడ్డమేంటండీ?”

“నోరు రాదు. సంఘంలో అందరి తగాదాలూ తీరుస్తానా, ఇంట్లో ఉప్పు అందించమనడానికి భయం. ఆ గూడు కట్టినప్పట్నుంచీ భోజనం ముందు ప్రార్థన తప్ప మా మధ్య మాటల్లేవు. బెంగగా ఉంటోందండీ.”

“ఎవరో తలుపు తడుతున్నారు. రండి!”

“నేనే, ఫ్రౌకెని. పాస్టరు గారూ, మా ఆయన క్షమాపణ అడిగాడన్నారు. నన్నేనా?”

“అమ్మా, అది... రూలొఫ్ గారు...”

“ఆయన వంక చూడకండి. మీరు చెప్పండి.”

“లేదమ్మా. అడగలేదు. నేనే కల్పించాను.”

“హమ్మయ్య! నాకే మతిమరుపొచ్చిందేమోనని హడలిపోయాను.”

“ఫ్రౌకే...”

“ఏంటి?”

“తప్పయిపోయింది. మీ అమ్మ వస్తువు. నేను ముట్టుకోకుండా ఉండాల్సింది.”

“వినపడలేదు.”

“క్షమించవే ఫ్రౌకే!”

“సరే, ముక్కు తుడుచుకుని పద. ఇంటి దగ్గర సూపు మాడుతుంది. పాస్టరు గారూ...”

“చెప్పండమ్మా?”

“మీరు ముందుగా చెప్పేస్తేనే ఈయన చేసేట్టున్నాడు. వచ్చే ఆదివారం, నాకు కొత్త హార్మోనియం కొనిపెట్టాడని చెప్పండి.”