పాటలో పెట్టిన తాళిబొట్టు

ద్రోణాచలం సబ్ మేజిస్ట్రేటు గారి ఎదుట, 1956 ఫిబ్రవరి 15, బుధవారం.

నా పేరు లేవి. తండ్రి యోనా, చనిపోయాడు. వయసు నలభై ఆరు ఉండవచ్చు. కాపురం బేతంచెర్ల రైలు స్టేషను అవతలి క్రైస్తవుల పేట. నాపరాళ్ల గనిలో తూటా పేలేముందు అందరినీ తప్పుకోమని కేకలు వేయడం నా పని. గొంతు పెద్దది కాబట్టి మా గుడిలో కోత పండుగ వేలంపాట కూడా చాలా ఏళ్లుగా నాచేతే వేయిస్తున్నారు. మా గని మేస్త్రి ఏసోబు నాకు బంధువు కాడు, పగవాడూ కాడు. మొన్నటిదాకా ఆయన కిందే పనిచేశాను.

దీనమ్మ మా పేట పిల్ల. ఇరవై ఏళ్లు. మా గుడి బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు చెబుతుంది. తల్లి జీవమ్మకు భర్త లేడు. జీవమ్మ నన్ను అన్నా అంటుంది కాబట్టి దీనమ్మకు నేను మామను. మద్రాసు యువజన సంఘంవాళ్లు పెళ్లికాని పిల్లలను కొందరిని ఈస్టరు పండుగకు యెరూషలేము యాత్రకు తీసుకుపోతున్నారు. మా వైపు నుంచి దీనమ్మ ఒక్కతే కుదిరింది. రాబోయే శనివారం రైలెక్కి బొంబాయి పోవాలి, అక్కడ ఓడ. ప్రభువు నడిచిన నేల చూసి వచ్చి మాకు చెబుతుంది కదా అని పేటంతా ఒకటే సంబరం. ఆ ఖర్చు కోసం ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు తీసి దేవుని కుండలో వేశారు. కుర్రవాళ్లు రాయచోటి దాకా పోయి భజనలు పాడి వచ్చారు. ఈసారి కోత పండుగ పాట కూడా ఆ యాత్ర కోసమే.

మా పాట తీరు తమరికి తెలియకపోవచ్చు. ఒక గుమ్మడికాయ పెట్టామనుకోండి. పాడుకున్నవాడు దాన్ని ఇంటికి మోసుకుపోడు. అక్కడున్నవాళ్లలో ఎవరికో ఒకరికి తన చేత్తో ఇస్తాడు. అందరం చప్పట్లు కొడతాం. అందుకున్నవాళ్లు మనసైతే ఉంచుకోవచ్చు, లేదంటే దేవునికే తిరిగి ఇవ్వవచ్చు. అప్పుడు మళ్లీ పాట పెడతాం. కిందటేడు ఒకే పుంజు ఎంతమంది చేతులు మారిందో, చివరికి దానికే విసుగొచ్చి నా వేలు పొడిచింది.

మొన్న ఆదివారం, పన్నెండో తేదీన, ఆరాధన ముగించి పాదిరి అయ్యగారు ఇంకో ఊరి గుడికి వెళ్లారు. సాయంత్రం మేము పాట మొదలుపెట్టాం. జొన్నలు, గుమ్మడికాయలు, ఒక మేకపిల్ల అయ్యాయి. అన్నిటికన్నా చివర జీవమ్మ వచ్చి బల్లమీద తన తాళిబొట్టు పెట్టింది. సిలువ గుర్తు వేసినది, నల్లపూసల దారంతో సహా.

"వద్దు చెల్లీ, ఇది తీసుకో" అన్నాను.

"నా కాడ ఇంకేం ల్యా అన్నా. ఆయప్ప పోయినప్పటి నుంచి పెట్లో పడుండాది. దేవునికన్నా పనికిరానీ" అంది.

పాట పెట్టాను. ఏసోబు ఒక్కసారే పెద్ద పాట పాడేశాడు. ఆయన భార్య పోయి రెండేళ్లయింది. దీనమ్మను ఇమ్మని మనుషులను పంపితే ఆ పిల్ల వద్దంది. మళ్లీ పంపితే మళ్లీ వద్దంది. పేటంతా ఎరిగిన సంగతే. ఎరిగుండి కూడా మాకెవరికీ తట్టలేదు. మేస్త్రికి భక్తి ముదిరింది కాబోలు అనుకున్నాం. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పిలిచాను. ఆయన దుడ్లు బల్లమీద పెట్టాడు. ఎప్పుడూ అనే మాటే అన్నాను.

"తీసుకోప్పా మేస్త్రీ, నీ ఇష్టమొచ్చినోళ్లకియ్యి."

ఆయన పాటలు పాడే పిల్లల వైపు నడిచాడు. దీనమ్మ పాటల పుస్తకం పట్టుకుని అటు తిరిగి నిలబడి ఉంది. వెనకనుంచి ఆమె మెడలో వేసి ముడి వేశాడు.

మేము చప్పట్లు కొట్టాం. అయ్యా, గుడిలో ఉన్నవాళ్లందరం కొట్టాం. ఇచ్చినప్పుడు కొట్టడం అలవాటు. తాళి కట్టాడని నాకు తెలిసేసరికి నా చేతులు ఇంకా కొడుతూనే ఉన్నాయి.

తర్వాత జీవమ్మ అరిచింది. అప్పుడు ఆగాయి.

ఏసోబు గుడి నడుమ నిలబడి ఇలా అన్నాడు: "గుళ్లో పెండ్లి మూడు ఆదివారాలు చాటుతారు గదా, ఎవురికన్నా అడ్డముంటే చెప్పమని. లేవి మూడుసార్లు పిల్చినాడు. ఎవురన్నా కాదన్నారా? ఇప్పుడీ పిల్ల నా పెండ్లాం. నా పెండ్లాం సముద్రం దాటదు."

గనిలో రాయి పగిలేముందు అంత దూరం వినబడే గొంతు నాది. అది నా సొంత గుడిలో లేవలేదు. నా గొంతుతోనే ఆ పిల్లకు పెళ్లి చాటించానంటున్నాడే, ఇది మనిషి అనే మాటేనా? అంతకన్నా విడ్డూరం, మా సంఘపెద్ద తీమోతి గడ్డం గోక్కుంటూ, "కట్టింది కట్టిందే గదప్పా, ఇంగేం చేస్తాం" అన్నాడు. పెద్దమనిషి అన్న మాట అది!

దీనమ్మ ఏడవలేదు. చేతులు మెడ వెనక్కి పెట్టి ముడి విప్పడం మొదలుపెట్టింది. గట్టి ముడి. తల మీదుగా తీసేయవచ్చు, తీయలేదు. ముడే విప్పింది. చాలాసేపు పట్టింది. సాయానికి ఎవరమూ పోలేదు. విప్పి, తెచ్చి, బల్లమీద నా ముందు పెట్టింది.

"మామా, అందుకున్నోళ్లు దేవునికి తిరిగి ఇయ్యొచ్చు గదా?"

"ఇయ్యొచ్చమ్మా."

"ఇస్తాండా. పాట పెట్టు."

పెట్టాను. ఎవరూ పలకలేదు. అప్పుడు జీవమ్మ దేవుని కుండ దగ్గరికి పోయి, తాను ఆ పొద్దున తెచ్చిన బియ్యంలోంచి పిడికిలి నిండా పట్టుకుని వచ్చింది. "నా పాట ఇదే" అంది.

ఒకటోసారి అన్నాను. ఏసోబు వైపే చూస్తూ అన్నాను. ఆయన నేలకేసి చూశాడు. మళ్లీ పాడితే అది కట్టిన తాళి కాదు, ఇంకా పాటలో ఉన్న సొత్తేనని తానే ఒప్పుకున్నట్టు. పాడకపోతే చేయి దాటిపోతుంది. రెండోసారి అన్నాను. కావాలనే ఆగాను. "మేస్త్రీ, ఏమన్నా చెప్పేదుంటే చెప్పప్పా" అని కూడా అడిగాను. తువాలుతో ముఖం తుడుచుకున్నాడు, అంతే. మూడోసారి అన్నాను. తాళిబొట్టు జీవమ్మ చేతిలో పెట్టి, "తీసుకో చెల్లీ" అన్నాను. ఎప్పుడూ అనే మిగతా మాట అనలేదు. జీవమ్మ దాన్ని కొంగున ముడి వేసుకుంది. ఏసోబు బల్లమీది తన దుడ్లు తీసుకుని బయటికి పోయాడు. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడు ఆయనే తన భార్యను మేము దాచిపెట్టి పరదేశం పంపుతున్నామని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. యాత్ర ఖర్చుకు తక్కువపడిన దానికి నా గొర్రెలు రెండు ఉన్నాయి, ఆ చింత తమరికి వద్దు. దీనమ్మకు పెళ్లయిందా కాలేదా అన్నదే శనివారంలోపు తేలాలి. తమరు ఆ మాటే అడిగారు. ఏసోబు చెప్పిన న్యాయమే నేనూ చెబుతున్నాను. తాళిని దేవునికి తిరిగి ఇచ్చాక, గుడిలో, అందరి ఎదుట, మూడుసార్లు పిలిచాను. ఏసోబు కాదనలేదు.

రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే రాశారు, కల్పించిన మాట లేదు. చప్పట్ల సంగతి నీకే తలవంపులు, కొట్టేయమంటావా అని గుమాస్తా గారు అడిగారు. వద్దు, ఉంచండి అన్నాను. అది కూడా జరిగిందే.

లేవి, ఎడమచేతి బొటనవేలి ముద్ర.