తిప్పక్క ఇవ్వని కుండ

కుమ్మరి తిప్పక్క ఇంటికి ఒక్క కుండ కోసం ఊరంతా పరిగెత్తుకుంటా పోయిందంట. ఒక్క కుండకి ఊరంతా ఎందుకంటారా, అక్కడికే వస్తన్నా. ఆ ఊళ్లో ఎవర్నైనా వెలెయ్యాలంటే, చచ్చినోడికి కొట్టినట్టే వాడి పేరున పొలిమేరలో కుండ పగలగొట్టాలి. పాతది పనికిరాదు, కొత్తదే, అదీ కుమ్మరి చేత్తో ఇస్తేనే. కుండ పగిలిందా, ఇంక వాడు ఆ ఊరికి చచ్చినట్టే, వెనక్కి చూడకుండా పోవాల. ఆ రోజు పోవాల్సినోడు గొర్రెలు కాసే సిద్ధప్ప. పెళ్లాం మారెక్కకి నెలలు నిండినాయి, వాన చూస్తే కొండ మీంచి నల్లగా దిగతా ఉంది. ఆ వానలో ఆ మనిషిని తీసుకుని ఏ ఊరికని పోతాడు చెప్పండి.

ఏమైందంటే, సిద్ధప్ప కాసే మంద ఆసామి పెద్దిరెడ్డి పొట్టేలు పోయింది. జాతరకని రెండేళ్లు మేపిన పొట్టేలు. పెళ్లాం జొరంతో మూడు నెలలు మంచాన పడితే ఏడవనోడు దానికోసం ఏడ్చినాడంట. వెతకంగా వెతకంగా సిద్ధప్ప గుడిసె ఎనక ఒక ఎడమ చెవి దొరికింది, దానికి రెండు గాట్లు. చుట్టూ పది ఊళ్లలో ఆ గుర్తు పెద్దిరెడ్డి మందకే ఉంది. పైగా ఇద్దరు సాక్షులు. ఒకడు చెన్నప్ప. వాడి చూపు ఎంత గొప్పదంటే, కిందటేడు పెద్దిరెడ్డి అనుకుని జొన్నసొప్ప కుప్పకి దండం పెట్టినాడు. రెండోది నాగమ్మ, పక్కూళ్లో కూర ఉడికితే ఈడ గిన్నె కడుక్కునే మనిషి.

"తిప్పక్కా, బిన్నా కుండ తే, వాన వచ్చేస్తాంది" అన్నాడంట పెద్దిరెడ్డి. తిప్పక్క ఒక కుండ తీసి, వేలు మడిచి కొట్టింది, ఖంగుమంది. తిప్పి కొట్టింది, ఖంగుమంది. ఇంకోపక్క కొడితే బొద్దుమంది, ఎక్కడో బీటుందన్నమాట. పక్కన పెట్టేసింది. "పగలగొట్టేదానికి ఇంత పరీక్ష ఎందుకు పెద్దమ్మా" అన్నాడు చెన్నప్ప. "నీళ్లు పోసుకునే కుండని నాలుగుపక్కలా కొట్టి చూస్తావు కదరా, మనిషిని పంపేదానికి ఒక పక్క కొడితే చాలా? రా, నువ్వు చూసింది చెప్పు, నేను కొట్టి చూస్తా" అనిందంట. వాడు చెప్పినాడు, తెల్లారుజామున ముసురులో సిద్ధప్ప పోతా ఉంటే చూసినా, భుజాన పొట్టేలు ఉంది. మొకం చూసినావా? మొకం చూళ్లే, నల్ల కంబళి చూసినా. అప్పుడు ఊరోళ్లంతా ఒకరినొకరు చూసుకున్నారంట. వానొస్తాందని అందరి నెత్తినా నల్ల కంబళ్లే. నాగమ్మ ముందుకొచ్చి, వాళ్లింట్లో మాంసం ఉడికింది, వాసనొచ్చింది అనింది. "ఎవరి మాంసమో కూడా వాసన చెప్పిందా నాగీ" అంటే, పెళ్లయినాక మొదటిసారి నోరు మూసిందంట నాగమ్మ. మొగుడు పక్కకి తిరిగి దండం పెట్టుకున్నాడు.

పెద్దిరెడ్డికి రేగిపోయింది. సాక్షులు పోనీ, చెవి ఉంది కదా, నా గాట్లు ఉన్నాయి కదా అన్నాడు. తిప్పక్క ఆయన్ని వదిలేసి సిద్ధప్పని అడిగింది. "మంద కాసినందుకు రెడ్డి నీకేమిస్తాడ్రా?" "ఏడాదికొక గొర్రెపిల్ల అక్కా." "చెవికి గాట్లు ఎప్పుడు పెడతారు?" "పుట్టిన తొమ్మిదో రోజు." "నీకిచ్చే పిల్లకి?" "అన్నిటికీ పెట్టినాకే కదక్కా పంచుకునేది. నాయి మూడుండె. మారెక్క మాంసం కావాలంటే ఒకటి కోసినా. అదే మొత్తుకుంటాండా, ఎవురూ వినకపోతిరి." ఊరంతా గొర్రెల మధ్య పుట్టినోళ్లే, అయినా ఒక్కడికీ ఆ సంగతి తట్టలేదు. తిప్పక్క చెవిని పెద్దిరెడ్డి చేతిలో పెట్టి, "ఇది నీ పొట్టేలిదా, వాడి గొర్రెదా?" అంటే, ఆయన అటు తిప్పి ఇటు తిప్పి, "నాదే అనిపిస్తాంది" అన్నాడు. "అయితే ఇంటికి పోయి అనిపించుకో." "అంటే, వాడు తియ్యలేదంటావా?" "నాకేం తెలుసు రెడ్డీ, తీసినాడేమో. తీసినాడని తేలందే నా కుండ పగలదు" అని, బాగున్న కుండలన్నీ లోపలికి మోసుకుని తలుపేసుకుందంట. అంతలో వాన దిగింది. న్యాయం చెప్పడానికి వచ్చినోళ్లంతా కంబళ్లు పట్టుకుని ఇళ్లకి లగెత్తినారు. మూడోరోజు మారెక్కకి తన గుడిసెలోనే ఆడపిల్ల పుట్టింది.

ఇంతకీ పొట్టేలు ఎవరు తిన్నారంటారా? ఇప్పటికీ తేలలేదు. నన్నడిగితే సిద్ధప్పే తిన్నాడని అంటా. రోజూ అంటానే ఉంటా. అరుగు మీద కూచుని అనేదానికి కుండ అక్కర్లేదు కదా.