సెకనుకి పదిహేను మెరుపులు

సాయంత్రం. వంటింటి బల్ల మీద అక్క ల్యాప్‌టాప్. బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పే చెల్లెలు ఇప్పుడే ఇంటికి వచ్చింది.

“నన్ను చూడగానే మూసేశావేం?”

“ఏం లేదు. నువ్వెళ్ళి కాళ్ళు కడుక్కో.”

“ఏం లేకపోతే పొద్దున్న పెట్టిన టిఫిన్ ఇంకా అలాగే ఉందేం?”

“ఆకలి లేదు.”

“అక్కా.”

“ఒకావిడ రాసిందే. మా గేమ్ ఇంజన్ వాళ్ళకి. కూతురు గేమ్ ఆడుతూ ఆడుతూ కుర్చీలోంచి పడిపోయిందట. కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నోట్లోంచి నురగ. ఇంకా ఆసుపత్రిలోనే ఉంది.”

“అయ్యో పాపం. అయినా దానికీ నీకూ ఏంటి సంబంధం? నువ్వు గేములు చెయ్యవుగా. గేములు చేసే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో రాసిపెడతావు, అంతేగా. పైసా రాని చాకిరీ.”

“ఆ గేమ్ చేసినతను నేను రాసిన పేజీలోని శాంపిల్ కోడ్ ఉన్నదున్నట్టు దించేశాడు. అందరూ అంతే. ఒక్కరూ అంకె మార్చరు.”

“ఏం అంకె?”

“చెప్తే తిడతావు.”

“తిట్టను, చెప్పు.”

“తెర మీద వెలుగు సెకనుకి ఎన్నిసార్లు కొట్టుకోవాలో చెప్పే అంకె. మూడు దాటకూడదు. దాటితే కొందరికి ఫిట్స్ వస్తాయి. పాత పేజీలో రెండు అనే ఉండేది. పైన ఎర్రడబ్బాలో హెచ్చరిక కూడా ఉండేది.”

“మరి?”

“నేను పేజీ బాగుచేశాను.”

“బాగుచెయ్యడమంటే?”

“రెండైతే చూడ్డానికి చప్పగా ఉందని పదిహేను పెట్టాను. శాంపిలే కదా, ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకుంటార్లే అనుకున్నా. ఎర్రడబ్బా అడ్డంగా ఉందని తీసుకెళ్ళి జాగ్రత్తల పేజీలో పడేశాను. ఆ పేజీ ఎవరూ తెరవరు. నేనే తెరవను.”

“ఇంకొకళ్ళు చూసి సరే అంటేనే సైట్లోకి ఎక్కుతుందన్నావుగా?”

“చూశారు. కామాలు దిద్దారు. పేజీ ముచ్చటగా ఉందని మెచ్చుకున్నారు కూడా.”

“సరే, ఏడవకు. ముందా అంకె మార్చెయ్.”

“మారిస్తే నేనే చేశానని బయటపడుతుంది. ఎవరు ఏ ముక్క రాశారో అంతా అందులో ఉంటుంది. నాకు భయంగా ఉందే. ఆ పిల్లకేమన్నా అయితే?”

“నీ భయం తర్వాత. ఈలోగా ఇంకో పిల్ల పడిపోతే? ఇటివ్వు, నేను మారుస్తా. ఏ పేజీ అది?”

“మెరుపుల పేజీ. తుఫాను సీన్ ఎలా చెయ్యాలో ఉంటుంది చూడు, అది.”

“తుఫాను సీనా?”

“ఊఁ. ఇదిగో, తీసుకో. ఏమైందే? తీసుకోవేం?”

“ఇప్పుడు మారిస్తే, ముందే దించుకున్నవాళ్ళకి కూడా మారుతుందా?”

“మారదు. వాళ్ళ దగ్గర పాతదే ఉంటుంది. ఎందుకు?”

“అందరికీ వస్తాయా ఫిట్స్?”

“అందరికీ కాదు. ఏ ఒక్కరికో. ఎవరికన్నది పడిపోయేదాకా వాళ్ళకే తెలీదు. ఫోన్ ఎవరికి చేస్తున్నావే?”

“హెడ్మాస్టరుకి. ఎత్తట్లేదు. ఎత్తట్లేదక్కా. వీధి దీపాలు వెలిగాయా?”

“ఇప్పుడే వెలిగాయి. ముందు నువ్వేం చేశావో చెప్పు.”

“ఇవాళ ఆ పేజీయే పాఠం చెప్పాను. మా అక్క రాసిందని గొప్పలు కూడా పోయాను.”

“క్లాసులో ఎవరికీ ఏం కాలేదుగా?”

“క్లాసులో నడిపించి చూసే టైం లేదు. ఇంటికెళ్ళి చూడమన్నాను.”

“ఎంతమందికి?”

“అందరికీ. చీకటి పడ్డాక లైట్లన్నీ ఆర్పేసి చూడండి, అప్పుడే బాగుంటుంది అని చెప్పి పంపానక్కా.”