ఆరో జత చేతులు

వెనక గది. కిటికీకి దుప్పటి అడ్డం కట్టి ఉంది. మధ్యలో ఒక మైకు. దాని ముందు అక్క, తమ్ముడు.

"ఆ చేతి గడియారం కూడా తీసెయ్యక్కా. మైకుకి అన్నీ వినబడతాయి."

"మీ బావదిరా. ఆయన పోయిన దగ్గర్నుంచీ నేనే పెట్టుకుంటున్నా. ఇదిగో, ఇక్కడ పెడుతున్నా. దీని మీద కాఫీ గ్లాసు పెట్టేవు."

"పెట్టన్లే."

"ఏడేళ్ళుగా ఫోనైనా చెయ్యనివాడివి, 'అక్కా, చప్పట్లు కొట్టాలి, రా' అంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు."

"మన మొదటి డిస్కో పాట ఉందిగా. దాన్ని మళ్ళీ కొత్తగా చెయ్యమని ఒక కంపెనీవాళ్ళు అడిగారు. అందులో అందరికీ నచ్చేదేంటో తెలుసా? వయొలిన్లు కాదు. నేను వారం రోజులు నిద్ర మానుకుని కట్టిన బేస్ గిటారు వరసా కాదు. చప్పట్లు!"

"మెట్ల కింద గదిలో కొట్టామే, అవా?"

"అవే. ఒకే మైకు చుట్టూ ఆరుగురం."

"అమ్మ, నువ్వు, నేను, మీ బావ, డ్రమ్ములాయన, ఆయన భార్య. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొస్తే, 'చేతులకి పిండి ఉంది, కడుక్కుని రా, చప్పుడు మెత్తగా వస్తోంది' అని అరిచావు."

"అమ్మ మీద అరిచానా?"

"ఎవరి మీద అరవలేదు నువ్వు?"

"సర్లే. ఆ ఆరింట్లో ఒకటి వెనకబడుతుంది. ఐదూ ఒక్కసారి పడతాయి, ఆరోది వెంట్రుకవాసి తర్వాత. ఇప్పటివాళ్ళు దానికే ఊగిపోతున్నారు."

"అప్పట్లో నీకు దానికే ఒళ్ళు మండేది."

"అప్పుడు తెలియదక్కా. అంతా గీత గీసినట్టు రావాలనుకునేవాణ్ణి. మూడో పాట దగ్గర బావని..."

"చెప్పు. ఆగిపోయావేం?"

"నీకు తెలుసుగా."

"'బావా, నీ చెయ్యి బండి దిగి నడిచొస్తోంది, బయట కూర్చో' అన్నావు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వుతూనే వెళ్ళి చెప్పుల పక్కన కూర్చున్నారు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. నువ్వూ పిలవలేదు."

"అవసరం రాలేదక్కా. ఆ నెలలోనే ఆ డబ్బా కొన్నాగా. ఒక మీట నొక్కితే డ్రమ్ము, ఇంకోటి నొక్కితే చప్పట్లు. ఒక్కటీ తప్పదు."

"డ్రమ్ములాయన్ని కూడా పంపేశావు."

"తర్వాత కీబోర్డొచ్చింది, వయొలిన్లవాళ్ళు ఎనిమిది మందీ వెళ్ళిపోయారు. తర్వాత కంప్యూటరు. పాటలకి వేగం పెరిగింది, మాటలు తగ్గాయి. నేనూ మార్చుకుంటూనే వచ్చా. ఎక్కడా వెనకబడలేదనే అనుకున్నా. ఒకరోజు తల తిప్పి చూస్తే గదిలో నేనొక్కణ్ణే ఉన్నా."

"గది నిండా మీటలున్నాయిగా."

"ఎగతాళి చెయ్యకు."

"చెయ్యట్లేదురా. మరి ఆ మీటల్లో దొరకదా ఆ చెయ్యి?"

"నాలుగు నెలలుగా వెతుకుతున్నా. డబ్బా చప్పుడు వెనక్కి జరిపా, ఇంకాస్త జరిపా. తాగి తూలుతున్నట్టుంది తప్ప బావలా లేదు. పాత టేపులోంచి విడదీద్దామంటే పాటంతా అతుక్కుని వస్తోంది. బావ ఉన్నప్పుడే ఒక్కసారి..."

"ఆసుపత్రికైనా రాలేదు నువ్వు."

"వచ్చా. కింద మెట్ల దాకా వచ్చా. ఏ మొహం పెట్టుకుని పైకి రాను?"

"ఏదో ఒక మొహం. ఆయన అడుగుతూనే ఉన్నారు. సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"మిగతా ఐదింట్లో ఒకటి నీది. అదైనా నిజంది ఉంటుందని. ఆరోది ఎలాగూ రాదు. ఇది చెవులకి పెట్టుకో. టిక్కు టిక్కుమని వినబడుతుంది. రెండో టిక్కుకీ, నాలుగో టిక్కుకీ కొట్టు."

"ఎంతసేపు నిలబడాలిరా? మోకాళ్ళు నొప్పి నాకు."

"కొట్టాల్సింది చేతులతోనేలే. కానివ్వు."

"... చాలా?"

"చాలు. ఉండు, వింటా."

"ఏమైంది? మళ్ళీ కొట్టనా?"

"మాట్లాడకు. ఇంకోసారి విననీ... అక్కా."

"ఊఁ."

"నువ్వు వెనకబడుతున్నావు."

"పడతాను."

"అదే. అచ్చం అదే వెంట్రుకవాసి. కానీ ఇది... ఇది బావ చెయ్యి కదా?"

"కొడుతుంటే చూశావుగా."

"మరి బావెందుకు ఒప్పుకున్నాడు?"

"నువ్వు మా ఇద్దరి వైపూ చూసి 'ఎవరది?' అని అరిచావు. నేను నోరు తెరిచేలోపే ఆయన నా చెయ్యి నొక్కి, 'నాదే' అన్నారు."

"కాదు, కాదక్కా. బావ బయటికి వెళ్ళాక సరిగ్గా వచ్చింది. మూడో పాటలో ఒక్క చప్పట కూడా వెనకబడదు. వెయ్యిసార్లు విన్నా నేను!"

"వినే ఉంటావు. ఆయన బయటికి వెళ్ళాక నేను చేతులు కలిపానే గానీ, చప్పుడు చెయ్యలేదురా."