విషం లేని గిన్నె

(వాకాడు దగ్గర రొయ్యల గుంటల యజమాని నరేంద్రబాబు ఇల్లు. వంటగదిలో అతని భార్య ప్రత్యూష, వంటమనిషి పెంచలమ్మ.)

“గంజి పోసినావా? దీంట్లో గంజి పోసినావా, పెంచలమ్మా?”

“పోసినానమ్మా. రెండు రాత్రులు నానబెట్టినా. మూడో నాడు బూడిదేసి కొబ్బరి పీచుతో గట్టిగా తోమినా.”

“బూడిదా! అయ్యో, చూడు, ఎన్ని గీతలు పడినాయో. ఎవరు చెయ్యమన్నారు నిన్ను?”

“మీరే గదమ్మా ఇది మట్టితో చేసిందని చెప్పినారు. కొత్త చట్టికి గంజి తాగించకుండా పొయ్యి మీద పెడితే పగిలిపోదా?”

“ఇది చట్టి కాదు, సిరామిక్. మట్టే, కానీ మట్టి కాదు. పెట్టె మీద ఏం రాసిందో చూసినావా? నాన్ టాక్సిక్. అంటే విషం లేనిది.”

“విషం లేదని గిన్నె మీద రాస్తారామ్మా?”

“రాస్తారు.”

“రాయకపోతే ఉన్నట్టా?”

“ఉన్నట్టే. ఇన్నాళ్లు వాడిన మన నల్ల పెనం ఉంది చూడు, దాని పూత లేచిపోయి కూరలో కలుస్తుందంట. వీడియోలో చూసి ఒళ్లు జలదరించింది నాకు. పాపకు ఆరేళ్ల నుంచీ దాంట్లోనే వండి పెడుతున్నాం.”

“అయితే దాన్ని పారేస్తుండారా?”

“పారెయ్యడం ఎందుకు? నువ్వు తీసుకుపో. ఆ పెనం, రెండు బాండీలు, అన్నీ సంచిలో పెట్టి ఉంచినా.”

“విషమంటిరి గదమ్మా?”

“అంటే... మాకు. పాప ఒళ్లు సున్నితం. మీకేం కాదులే, మీరు గట్టోళ్లు.”

“అవునమ్మా. బో గట్టోళ్లం.”

“వెటకారమా?”

“అయిదో తరగతి దాన్ని, నాకు వెటకారం ఎట్టా వస్తదమ్మా?”

“సర్లే, మంట తగ్గించు. దీన్ని సన్న మంట మీదే పెట్టాలి. ఇనప గరిటె తగలకూడదు, చెక్కది తీసుకో.”

“ఈ మంట మీద పులుసు రేపు ఈ యాళకు కాగుతుంది.”

“కాగినప్పుడే కాగనీ. చేపలు ఎక్కడివి?”

“దుగరాజపట్నం పడవలోళ్లవి. ఇంటి ముందర అన్ని రొయ్యలు పెట్టుకొని, చేపలకి ఆడిదాకా పంపించినారే?”

“ఆ రొయ్యలు ఎక్స్‌పోర్టుకు. మనం తినేవి కావు.”

“మంచివన్నీ బయటికి పంపిస్తుండారన్న మాట.”

“అబ్బా, పులుసు చూడు నువ్వు.”

“చూస్తానే ఉండా. అమ్మా... ఒక్క మాట. మీ ఫిల్టరు మిషను నీళ్లు రోజూ రెండు బిందెలు పట్టుకుపోతానని మొన్న అడిగినా. అయ్యను అడిగినారా?”

“అడిగినా.”

“ఏమన్నాడు?”

“చేపలు విరిగిపోతాయి, తిప్పబాక.”

“తిప్పట్లేదమ్మా. ఏమన్నాడు?”

“ఏమంటాడు? నీళ్లిస్తే, మీ కాలనీ బోరు మన గుంటల వల్లే చెడిందని మనమే ఒప్పుకున్నట్టు గదా అన్నాడు. అది కూడా నిజమే గదా, పెంచలమ్మా. నీళ్లదేముంది, నాకైతే ఇవ్వాలనే ఉంది.”

“ఉంటదిలేమ్మా.”

“అదిగో, ఆయనే వస్తున్నాడు. ఇప్పుడు ఆ మాట ఎత్తబాక.”

“ఏం పెంచలమ్మక్కా! వాసన వీధి చివరిదాకా కొడతా ఉందే!”

“అక్కా అంటుండారే, అయ్యా. ఏందో పెద్ద పనే పడినట్టుంది నాతో.”

“పెద్ద పనేం లేదు. ఒక్క సంతకం. అర్జీ సంగతి.”

“ఏ అర్జీ?”

“ఏ అర్జీనా? నా గుంటల నీళ్లు కాలవలోకి వదలబట్టి మీ కాలనీ బోరు చెడిపోయిందని కలెక్టరాఫీసులో ఇచ్చినారే, అది. మొదటి సంతకం నీదే.”

“వరసలో ముందు నిలబడినా. అందుకని మొదటిదైంది.”

“రేపు ఆఫీసరు వస్తున్నాడు. ఇదిగో, టైపు చేయించినా. ‘మా బోరు నీళ్లు బాగున్నాయి, మాకు ఎవరి మీదా ఫిర్యాదు లేదు.’ రెండే ముక్కలు. నువ్వు పెడితే మీ కాలనీ పెద్ద ముత్యాలయ్య పెడతాడు. ఆయన పెడితే మిగతా వాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.”

“ఇది పెడితే మాకు ట్యాంకరు నీళ్లు రావు గదయ్యా.”

“బోరు బాగుంటే ట్యాంకరెందుకు?”

“బాగుందా?”

“టెస్టు చేయించినా. ఫస్టు క్లాసుగా ఉంది.”

“మా మనవరాలు వినీలకి ఒళ్లంతా పొక్కులయ్యా. గోక్కుంటే నెత్తురొస్తుంది. ఆ నీళ్లు పోసిన నాడు రాత్రంతా ఏడస్తుంది.”

“అది ఎండకు. లేకపోతే దోమలకు.”

“ఎండకా, దోమలకా?”

“రెండిటికీ.”

“సంతకం పెట్టకపోతే?”

“పెట్టకపోతే ఏముంది? ప్రత్యూషకు వంట రాకపోలేదు. నువ్వు హాయిగా ఇంట్లో కూర్చొని మనవరాలిని చూసుకోవచ్చు.”

“ఏమండీ, అట్లా అనబాకండి...”

“నేనేమన్నా? చూసుకోమన్నా. తప్పా?”

“తప్పు లేదయ్యా. చెయ్యి తడిగా ఉండాది, కాగితం పాడైపోద్ది. ముందు అన్నం తినండి.”

“తిన్నాక పెడతావా?”

“ముందు తినండయ్యా.”

“కూర్చోండి. కొత్త గిన్నెలో మొదటి వంట ఇది. మీరు స్నానం చేసి వచ్చేలోపే పాపకు పెట్టేసినా.”

“ఏం గిన్నె ఇది, ఇంత తెల్లగా ఉంది?”

“విషం లేనిదండీ. వేడెక్కినా ఏమీ వదలదంట.”

“మంచి పని చేసినావు. తిండి దగ్గర అశ్రద్ధ పనికి రాదు. అబ్బ... ఏం పులుసు! మామిడికాయ ముక్క చూడు, వెన్నలాగ!”

“గిన్నె వల్లనండీ.”

“నేను చేతి వల్లనుకుంటిని, అమ్మా.”

“నీ చెయ్యి కూడాలే. ఇంకొక గరిటె వెయ్యి, పెంచలమ్మా. ఇంకొంచెం. చాలు. ప్రత్యూషా, ఇట్లాంటి గిన్నెలు మీ అమ్మ వాళ్లకు కూడా ఒక సెట్టు పంపించు.”

“పంపిస్తానండీ.”

“ఆఁ, చెయ్యి ఆరిందా? ఇదిగో పెన్ను.”

“పెడతానయ్యా. ఊరికే అడగతా ఉండా. ఆ నీళ్లు నిజంగానే బాగుండాయా?”

“ఎన్నిసార్లు చెప్పాల నీకు? నేనైనా తాగుతా. నా బిడ్డకైనా తాగిస్తా. చాలా?”

“చాలయ్యా. అంత మాట అన్నారు, నా గుండె దిగులు పోయింది. పొద్దన్నుంచీ భయపడతా ఉండా.”

“ఎందుకు?”

“తెల్లారుజామున వచ్చినా గదా, అప్పుడు కరెంటు లేదు. మీ మిషను నడవలా. పులుసుకని చింతపండు నానెయ్యాల. ఏం చేసేది? ఇంటికి పోయి ఒక చెంబు నీళ్లు తెచ్చినా.”

“ఏ నీళ్లు?”

“మా బోరువి.”

“ఏ నీళ్లు?”

“చెప్పినా గదయ్యా, మా బోరు...”

“ప్రత్యూషా! పాపకు పెట్టినానన్నావే! ఎంత పెట్టినావు?”

“బాగానే తిన్నదండీ... రెండోసారి కూడా అడిగి వేయించుకున్నది...”

“కక్కించు! నోట్లో వేలు పెట్టి కక్కించు! డ్రైవరు చిన్నబాబును కారు తియ్యమను, నెల్లూరు ఆస్పత్రికి పోవాల. నాకు కూడా కడుపులో ఎట్టో ఉంది.”

“ఏందయ్యా ఇది? నా బిడ్డకైనా తాగిస్తానంటిరి గదా, ఇప్పుడే...”

“నోరు ముయ్! బుద్ధుందా నీకు? అవి మనుషులు తాగే నీళ్లా? ఆ గుంటల్లో మేం ఏమేం కలుపుతామో తెలుసా నీకు?”

“తెలీదయ్యా. మీరు ఎప్పుడూ చెప్పలా.”

“పాపా! ఇట్లా రామ్మా, నోరు తెరువు...”

“అమ్మా, బిడ్డ నోట్లో వేలు పెట్టబాకండి. కరెంటు యాడికీ పోలా. చింతపండు నానేసింది మీ మిషను నీళ్లతోనే.”

“ఏందీ?”

“అవునయ్యా. మా బోరు నీళ్లు ఈ ఇంటి గడప దాటలా. కూర్చోండి.”

“నువ్వు... నాతో పరాచికాలాడతావా?”

“లేదయ్యా. సంతకం పెడతానంటే వినకుండా లేస్తిరి. ఆ కాగితం చించేసి, ఇప్పుడన్నారే, మనుషులు తాగే నీళ్లు కావని, ఆ ముక్క టైపు చేయించుకొని రండి. పెన్ను నా దగ్గరే ఉంటుంది.”